కిలో లెక్కన ఇయ్యకండి, పేరు చెప్పి అమ్మండి

మన వర్లీ బీడీడీ చాళ్ళల్లో ఇప్పుడు ఏ బిల్డింగు కింద చూసినా భంగారు బండ్లే. 2025 ఆగస్టులో మొదటి 556 కుటుంబాలకు కొత్త టవర్లల్లో ఇండ్ల తాళంచేతులు ఇచ్చిండ్రు. మిగిలినోళ్ళు తమ వంతు కోసం చూస్తున్నరు. 160 చదరపు అడుగుల ఖోలీ నుంచి 500 అడుగుల ఇంటికి పోవుడంటే సంతోషమే. కానీ పోయేటప్పుడు పాత సామాను ఎవరు మోస్తరు? గ్యాలరీల, మాళా మీద, మంచం కింద ముప్పై నలభై ఏండ్ల నుంచి పడి ఉన్న సంచులన్నీ భంగారు వాలా తక్కెడ ఎక్కుతున్నయి. ఆ సంచుల్లో పాత కార్ల సామాను కూడా పోతున్నది. అది ఇనుము కాదు, పైసలు. ఆ సంగతే ఈ నెల రాస్తున్న.

మనకు కార్లెక్కడివి, కారు సామాను ఎక్కడిది అని ఇప్పటి పిల్లలు అడగొచ్చు. కార్లు మనయి కాకపోవచ్చు, స్టీరింగు పట్టిన చేతులు మాత్రం మనయే. 1982 జనవరి 18 నాడు డాక్టర్ దత్తా సామంత్ పిలుపు మీద గిర్నీల సమ్మె మొదలైంది. సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు బయటికొచ్చిండ్రు. సమ్మె అయిపోయిందని ఎవరూ చెప్పనే లేదు, గిర్నీలు మాత్రం ఒకటెనక ఒకటి మూతబడ్డయి. అప్పుడు మనోళ్ళల్లో కొందరు ఊర్లకు పోయిండ్రు, కొందరు భివండీల సాంచాల మీదికి పోయిండ్రు. కొందరు లైసెన్సు, బ్యాడ్జీ తీసుకొని టాక్సీ పట్టిండ్రు. ఇంకొందరు గ్యారేజీల్ల పానాలు పట్టిండ్రు. ఆ ఇండ్లల్లోనే ఈ సంచులున్నయి.

టాక్సీ అంటే పద్మినే

అప్పట్ల బొంబాయిల టాక్సీ అంటే నలుపు, పసుపు రంగుల ఫియట్, అదే పద్మిని. వాల్‌చంద్ హీరాచంద్ 1944ల పెట్టిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ కంపెనీ దాన్ని మన కుర్లాలనే తయారు చేసేది. నమూనా ఇటలీ దేశపు ఫియట్ కంపెనీది. 1950లల్ల వచ్చిన గుండ్రటి ఫియట్‌ను ఇక్కడి జనం ‘డుక్కర్ ఫియట్’ అనేటోళ్ళు. మరాఠీల డుక్కర్ అంటే పంది. బండి వెనుక నుంచి చూస్తే అట్లనే కనిపించేది మరి. 1964 నుంచి ఫియట్ 1100 డిలైట్ వచ్చింది. 1970లల్ల అదే బండి పేరు ముందు ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది, తర్వాత ప్రీమియర్ పద్మిని అయింది. ఇంజను 1089 సీసీ, నాలుగు సిలిండర్లు. గేరు కడ్డీ కింద కాదు, స్టీరింగు పక్కనే ఉండేది. ముందు సీటు బల్ల లాగ ఒకటే.

2000 ప్రాంతంల ఆ బండ్ల తయారీ ఆగిపోయింది. కానీ టాక్సీలు ఆగలేదు. ఆఖరు పద్మిని టాక్సీ 2003 అక్టోబర్ 29 నాడు తాడ్‌దేవ్ ఆర్టీఓల రిజిస్టరయింది. ముంబైల టాక్సీకి 20 ఏండ్ల గడువు. ఆ లెక్కన 2023 అక్టోబర్ 30 నుంచి ముంబై రోడ్ల మీద పద్మిని టాక్సీ లేదు. కనీసం ఒక్క బండినన్నా గుర్తుగా దాచిపెట్టమని టాక్సీవాళ్ళ యూనియన్ సర్కారును అడిగింది.

ఇక్కడ ఒక లెక్క చూడండి. తయారీ ఆగినంక కూడా ఇరవై ఏండ్లు బండ్లు నడిచినయంటే సామాను ఎక్కడ దొరికింది? డ్రైవర్లు ముందుచూపుతోని పోగేసి పెట్టుకున్నరు. ఎక్కడన్న ఒక బండి విరగ్గొడుతున్నరంటే పోయి టెయిల్ ల్యాంపు, తలుపు హ్యాండిలు, క్వార్టర్ గ్లాసు తెచ్చి సంచిల ఏసేటోళ్ళు. రేపు నా బండికి పనికొస్తదని. బండి పోయింది, కొందరి డ్రైవర్లు కూడా పోయిండ్రు, సంచి మిగిలింది.

రెండు సంచుల కథ

మా చాలులనే ఒక వదినె ఉంది. మా అన్న వరుసాయన సమ్మె తర్వాత పద్మిని నడిపిండు. ఆయన పోయి ఆరేండ్లయింది. ఖోలీ ఖాళీ చేసే ముందు ఆమె రెండు గోనె సంచులు కిందికి దింపించింది. భంగారు వాలా తూకమేసి 30 కిలోలు, కిలోకు 30 రూపాయలు, మొత్తం 900 అన్నడు. వదినె ఇచ్చేస్తనన్నది. నా మేనల్లుడు అప్పుడు అక్కడే ఉండె.

“మామా, జర ఆగమనురి. ఇందుల ఏమున్నయో ఒక్కపాలి చూద్దాం. నేను ఫోన్ల పెట్టి చూస్త” అన్నడు.

“ఎవరు కొంటర్రా ఈ తుప్పు సామాను?” అని వదినె నవ్వింది.

చాప పరిచి సంచులు గుమ్మరించినం. పాతకాలపు లోహపు టాక్సీ మీటరు ఒకటి, జెండా మడిచి ‘డౌన్’ చేసేది. ఈ మీటర్లు 2012 తర్వాత ఎలక్ట్రానిక్ మీటర్లు వచ్చి మూలకు పడ్డయి. మెరుపు పోని చక్రాల టోపీలు నాలుగు, ముందు జాలీ ఒకటి, మూడు మూలల క్వార్టర్ గ్లాసులు రెండు, టెయిల్ ల్యాంపు ఎర్రద్దాలు ఒక జత, స్టీరింగు ఒకటి. మిగతాదంతా విరిగిన ఇనుమే. పాత టాక్సీ డ్రైవర్ ఒకాయన, మా బావ వరుస, ఒక్కొక్కటి చేతులకు తీసుకొని ఇది డిలైటుది, ఇది పద్మినిది, ఇది రెండిటికీ సరిపోతది అని చెప్పిండు. మేనల్లుడు ఫోటోలు తీసి పెట్టిండు.

పది వారాలు పట్టింది. మీటరుకు 4,500 వచ్చినయి, ఒక హోటలాయన గోడకు పెట్టుకుంటనని తీసుకపోయిండు. టోపీలు నాలుగు కలిపి 2,400. జాలీకి 3,000, పుణే నుంచి ఒకాయన వాళ్ళ నాయిన ఫియట్‌ను బాగు చేయించుకుంటున్ననని స్వయంగా వచ్చి తీసుకున్నడు. గ్లాసులు రెండు 1,800. టెయిల్ అద్దాల జత 1,000, అవి హైదరాబాద్‌కు పోయినయి. స్టీరింగు 1,500. మొత్తం 14,200. మిగిలిన విరిగిన ఇనుము 11 కిలోలు అదే భంగారు వాలాకు ఇస్తే 330 వచ్చింది. అంతా కలిపి 14,530. మొదట్ల ఇయ్యబోయింది 900కు.

అందరికీ ఇట్లనే వస్తయని నేను చెప్తలేను. ఇంకో ఇంట్ల సంచి విప్పితే పనికొచ్చేది ఒక్కటే దొరికింది. కానీ విప్పి చూడనిదే ఎట్ల తెలుస్తది?

కిలోకు, పేరుకు తేడా

భంగారు వాలాను నేను తప్పు పట్టను. ఆయన వ్యాపారం కిలో లెక్కనే. ఆయన కొన్నది కుర్లా గోదాములకు పోతది, అక్కడి నుంచి కరిగించే భట్టీకి పోతది. మధ్యల తెలిసినోడు ఎవడన్న ఉంటే మీటరును, జాలీని పక్కకు తీస్తడు. ఆ తీసినోనికే లాభం. మనం సంచి ముడి విప్పకుండ ఇచ్చినం కాబట్టి మనకు 900, ముడి విప్పినోనికి 14 వేలు.

గిర్నీల పనిచేసినోళ్ళకు ఈ సంగతి కొత్తది కాదు. మా గిర్నీ స్టోరు ఖాతాల ఒక్కో సామానుకు ఒక్కో గూడు, ఒక్కో నంబరు ఉండేది. సాంచాకు తోలు పికర్ అరిగిపోతే జాబర్ చిట్టీ రాస్తేనే కొత్తది ఇచ్చేటోళ్ళు. ధోటా, అదే మన ఊర్ల నాడె, కొస చెడితే దాని కొలతది అదే కావాలె, ఇంకోటి పెడితే నూలు తెగుతది. అదే సాంచా గిర్నీ మూతబడ్డ రోజున కిలోల లెక్కల అమ్ముడుపోయింది. కొన్నోళ్ళు మాత్రం అందరూ కరిగించలేదు. తెలిసినోళ్ళు సాంచాను సాంచాగానే కొని నడిపించుకున్నరు. భివండీ, మాలెగావ్ మర మగ్గాల్ల చాలా మటుకు మన గిర్నీల పాత సాంచాలే. మన సిరిసిల్లల మర మగ్గాలు పెట్టినోళ్ళల్ల బొంబాయి, భివండీ చూసొచ్చినోళ్ళు ఉన్నరు. పాత సామానుకు దాని పేరు, దాని పని తెలిసినోని దగ్గరే ధర ఉంటది.

కొనేది ఎవరు

ఫోన్ల ఈ పాత సామాను కొనేటోళ్ళు మూడు రకాలు.

మొదటిది, ఇంట్ల పాత ఫియట్ ఉండి బాగు చేయించుకునేటోళ్ళు. వీళ్ళు తొందరపడరు, మంచి ధర ఇస్తరు. ఎందుకంటే వీళ్ళకు కావాల్సింది అసలు సామానే. 2021 జులైల కేంద్ర సర్కారు వింటేజ్ బండ్లకు వేరే నిబంధన తెచ్చింది. 50 ఏండ్లు దాటిన బండి, అసలు రూపంలనే ఉండి పెద్ద మార్పులు చెయ్యనిదైతే, దానికి ‘వీఏ’ అక్షరాలతోని వేరే నంబరు ఇస్తరు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, మళ్ళ చేయించుకునేదానికి 5,000. ఆ బండిని రోజూ తిప్పుకునేదానికి గానీ, కిరాయికి గానీ వాడొద్దు. ‘అసలు రూపంలనే’ అన్న మాట చూసిండ్రా? డిలైటుకు పద్మిని జాలీ పెడితే తెలిసినోడు ఎంటనే పట్టేస్తడు. అందుకే ఆ బండోళ్ళు డిలైటు జాలీ కోసం ఊర్లన్నీ వెతుకుతరు.

రెండోది, గోడకు తగిలించుకునేటోళ్ళు. హోటళ్ళు, దుకాణాలు, సినిమా సెట్టింగులోళ్ళు. వీళ్ళకు సామాను పనిచెయ్యాల్సిన పని లేదు, చూడనీకి బాగుంటే చాలు. మీటరు, నంబరు పలక కాకుండ మిగతా పలకలు, ముందు లైటు, చక్రాల టోపీలు వీళ్ళే కొంటరు.

మూడోది, వ్యాపారులు. ఢిల్లీల మాయాపురి, చెన్నైల పుదుపేట, మన దగ్గర కుర్లా, చోర్ బజార్ పాత సామానుకు పేరుపడ్డ జాగలు. అక్కడోళ్ళు కూడా ఇప్పుడు ఫోన్ల చూస్తుంటరు. వీళ్ళు తక్కువకు అడుగుతరు, కానీ మొత్తం ఒకేసారి తీసుకుంటరు. తొందరున్నప్పుడు వీళ్ళకే ఇయ్యొచ్చు, తప్పు లేదు. ముందు ధర తెలుసుకొని ఇయ్యాలె, అంతే.

కామాటిపురా మనోళ్ళకు చోర్ బజార్ నడిచిపోయే దూరం. పెట్టే ముందు ఒక శుక్రవారం పొద్దుగాల మటన్ స్ట్రీట్ దిక్కు పోయి, అటువంటి సామానుకు ఏం ధర చెప్తున్నరో ఊరికే అడిగి రండి. వాళ్ళు చెప్పే ధర అమ్మే ధర, కొనే ధర అందుల సగం కూడా ఉండదు. అయినా అంచనా దొరుకుతది.

ఫోన్ల పెట్టుడెట్ల

ఎనకట పేపర్ల ఆదివారం నాడు చిన్న ప్రకటనలు వచ్చేటియి. వరుసకింత అని పైసలు కట్టాలె. మాటలు పొదుపుగ రాసేటోళ్ళు. ఇప్పుడు క్వికర్, ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ లాంటియి వచ్చినంక ఇంటి సామాను ఒకటి రెండు పెట్టుకునేటోళ్ళకు పైసా ఖర్చు లేదు. క్వికర్ 2008ల మన ముంబైలనే ఆ పేరుతోని మొదలైంది. ఖర్చు లేదు కదా అని ‘పాత కారు సామాను ఉంది’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఎవ్వడు ఫోన్ చెయ్యడు. మా మేనల్లుడు, మా బావ ఇద్దరు కలిసి చేసిన పద్ధతి చెప్త.

ముందు తుడుసుడు. పొడి గుడ్డతోని దుమ్ము తీయాలె. ఇనుముకు జర కిరోసిన్ పెట్టొచ్చు. రబ్బరుకు పెట్టొద్దు, ఉబ్బుతది. మెరిసే పూత ఉన్న టోపీలను, జాలీని ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండు పెట్టి తోమొద్దు, పులుపుకు పూత లేస్తది. రంగు అసలే వెయ్యొద్దు. పాత రంగు, పాత పూత చూసే కొంటరు. కొత్త రంగు వేస్తే పగులు దాస్తున్నరని అనుమానపడతరు.

తర్వాత ఫోటో. తెల్ల పంచె పరిచి, పొద్దటి వెలుతుర్ల, ఒక్కో సామానుకు నాలుగు ఫోటోలు. ముందు, వెనుక, అంచు, ఇంక దెబ్బ తగిలిన జాగ. పక్కన స్కేలు పెట్టాలె, కొలత తెలవనీకి. వెనుక పక్క పోతపోసిన నంబరు గానీ కంపెనీ గుర్తు గానీ ఉంటే దాన్ని దగ్గరి నుంచి తీయాలె. కరెంటు సామాను మీద లూకాస్ టీవీఎస్ అని ఉంటే అది ఆ కాలపు అసలు సామాను అని కొనేటోనికి ఎంటనే తెలుస్తది.

తర్వాత పేరు. ఇదే అసలు పని. కొనేటోడు ఏ పేరుతోని వెతుకుతడో ఆ పేర్లన్నీ రాయాలె. ‘ఫియట్ 1100’, ‘డిలైట్’, ‘ప్రీమియర్ పద్మిని’, ‘కాలీ పీలీ టాక్సీ’ అని ఇంగ్లీషుల రాయాలె. ఎడమ పక్కదా కుడి పక్కదా, ముందుదా వెనుకదా రాయాలె. తెలవకపోతే ‘పక్కా తెలవదు, ఫోటో చూసి చెప్పండి’ అని రాయాలె. కొనేటోళ్ళే చెప్తరు, వాళ్ళకు మనకంటే ఎక్కువ తెలుసు.

తర్వాత నిజం. పగులుంటే పగులుందని ముందే రాయాలె. పుణే నుంచి వచ్చినాయన జాలీల ఒక కడ్డీ వంగిందని మేము ముందే రాసినందుకే నమ్మి వచ్చిండు. వచ్చి బేరం కూడా ఆడలే.

ధర విషయంల తొందర వద్దు. పెట్టిన గంటలనే ముగ్గురు ఫోన్ చేసిండ్రంటే మీరు తక్కువ పెట్టినట్టు. నెల రోజులు ఎవ్వడు అడగలేదంటే ఎక్కువ పెట్టినట్టు. మొదటి వారం ఎవరికీ ‘సరే’ అనకండి.

పార్సిల్ కట్టుడు మనోళ్ళకు ఎవ్వరు నేర్పాల్సిన పని లేదు. బేళ్ళు కట్టిన చేతులు. అద్దాల జతను చిందీ గుడ్డల్ల విడివిడిగ చుట్టి, అట్ట పెట్టెల మధ్యల పెట్టి, కదలకుండ నింపి, హైదరాబాద్ బస్సుల వేసినం. పెట్టె ఊపితే లోపల చప్పుడు రావద్దు, అదే గుర్తు.

పైసలు వచ్చేటప్పుడు పిన్ అడగరు

ఈ ముక్క అందరూ చదవాలె, చదువు రానోళ్ళకు చదివి వినిపించాలె.

పక్క బిల్డింగుల గ్యారేజీ పనికి పోయే పిలగాడు ఒక పాత కార్బురేటర్ ఫోన్ల పెట్టిండు. పెట్టిన పది నిమిషాల్లనే ఫోన్. హిందీల మంచిగ మాట్లాడిండు. “నేను ఫౌజీని, బదిలీ మీద ఉన్న, రాలేను. మా మనిషి వచ్చి తీసుకపోతడు. పైసలు ఇప్పుడే పంపిస్త” అన్నడు. యూనిఫారం ఫోటో, కార్డు ఫోటో పంపిండు. బేరం అసలే ఆడలే. ముందు 5 రూపాయలు నిజంగనే పంపిండు. తర్వాత ఒక చదరపు గుర్తు, అదే క్యూఆర్ కోడ్, పంపి “దీన్ని స్కాన్ చేసి పిన్ కొట్టు, నీ ఖాతాలకు 4,000 వస్తయి” అన్నడు. పిలగాడు కొట్టిండు. 4,000 పోయినయి. “అరే, పొరపాటయింది, మళ్ళ కొట్టు, రెండూ కలిపి వాపస్ వస్తయి” అన్నడు. మళ్ళ కొట్టిండు. 8,000 పోయినయి. అది ఆ పిలగాని నెల జీతంల సగం.

వాడు తెలివి లేనోడు కాదు. ఇంజను విప్పి మళ్ళ బిగిస్తడు. ఆ దొంగలు మనిషిని ఆలోచించనియ్యరు, గడియ గడియకు ఫోన్ చేస్తరు. కాబట్టి మనం నాలుగు మాటలు ముందే మనసుల పెట్టుకోవాలె.

ఒకటి. యూపీఐల పైసలు పంపేటప్పుడే పిన్ కావాలె. పైసలు వచ్చేటప్పుడు పిన్ అవసరం లేదు, స్కాన్ అవసరం లేదు. పిన్ అడిగిండంటే వాడు ఇచ్చేటోడు కాదు, గుంజుకునేటోడు.

రెండు. పైసలు పంపిన అని ఫోటో చూపిస్తే నమ్మొద్దు, మెసేజ్ వచ్చిందంటే కూడా నమ్మొద్దు. బ్యాంకు ఖాతా తెరిచి మనం కళ్ళతోని చూసుకున్నంకనే సామాను ఇయ్యాలె.

మూడు. వాళ్ళు పంపిన లింకు నొక్కొద్దు, వాళ్ళు చెప్పిన యాప్ ఎక్కించొద్దు. అవి మన ఫోన్‌ను వాళ్ళకు చూపిస్తయి. ఓటీపీ, ఆధార్ ఫోటో ఎవ్వరికీ పంపొద్దు.

నాలుగు. పోయిందని తెలిసిన నిమిషమే 1930 నంబరుకు ఫోన్ చెయ్యాలె. ఇది దేశమంతటికీ ఒక్కటే సైబర్ నేరాల నంబరు. ఇంటర్నెట్ల కూడా సర్కారు పోర్టల్ ఉంది, దాంట్ల కూడా ఫిర్యాదు ఇయ్యొచ్చు. ఎంత తొందరగ చెప్తే అంత మంచిది, పైసలు ఇంకో ఖాతాలకు పోకముందే ఆపే వీలుంటది. ఆ పిలగాడు సిగ్గుపడి దాచకుండ అరగంటల ఫోన్ చేసిండు, అందుకే కొంత సొమ్ము మధ్యల ఆగింది. ఇంట్ల తిడతరని దాచిపెట్టుకుంటే అదీ ఉండకపోవు. పిల్లలకు ఇట్లాంటిది జరిగితే ముందు తిట్టకండి, ముందు ఫోన్ చేయించండి.

కొనేటప్పుడు

మనోళ్ళల్ల పాత సామాను కొనేటోళ్ళు కూడా ఉన్నరు. గ్యారేజీ నడిపేటోళ్ళు, భంగారుల ఏరుకొచ్చి బాగుచేసి అమ్ముకునే పిల్లలు. వాళ్ళకు రెండు మాటలు.

చూడనిదే పైసలు పంపకండి. దూరంల ఉంటే వీడియో ఫోన్ చేయించి, ఆనాటి పేపరు పక్కన పెట్టి సామాను తిప్పి చూపియ్యమనండి. ఎవరిదో ఫోటో తీసి తనదని పెట్టేటోడు ఇక్కడనే దొరికిపోతడు. ‘బుకింగు కోసం సగం పంపు, పార్సిల్ ఖర్చు ముందు పంపు, జీఎస్‌టీ ముందు పంపు’ అని ఒకదానెనక ఒకటి అడిగితే అక్కడికే ఆగండి. దగ్గర్లనే ఉంటే పట్టపగలు, పదిమంది తిరిగే జాగల కలవండి. ఇంట్ల ఆడోళ్ళు ఒక్కరే ఉన్నప్పుడు కొనేటోళ్ళను ఖోలీకి రానియ్యకండి, బిల్డింగు కింద కలవమనండి.

రెండోది, దొంగ సామాను. మరీ తక్కువకు ఇస్తున్నడంటే ఎందుకిస్తున్నడో అడగాలె. దొంగ సొమ్మని తెలిసి గానీ, అట్ల అనుకునే కారణం ఉండి గానీ కొంటే అది నేరం. కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితల 317వ సెక్షను దానికే ఉంది. ఇంజను మీద, ఛాసిస్ మీద నంబరు ఉంటది. నంబరు ఉన్న సామానును ఆర్సీ కాగితం చూడకుండ కొనొద్దు, కాగితం లేకుండ అమ్మొద్దు. నంబరు గీకేసినట్టు కనిపిస్తే చెయ్యి కూడా పెట్టొద్దు.

ఇంట్ల మొత్తం బండే ఉన్నోళ్ళకు ఇంకో మాట. బండి విప్పి ముక్కలుగ అమ్మితే ఎక్కువొస్తదని తొందరపడకండి. మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను ప్రకారం బండి ఇక నడవకుండ అయిపోతే 14 రోజుల్ల ఆర్టీఓకు చెప్పి ఆర్సీ ఇయ్యాలె. అది చెయ్యకపోతే బండి లేకున్నా కాగితం మీద బండి మీదే. ఆ నంబరు తోని ఎవడు ఏం చేసినా పోలీసులు మీ ఇంటికే వస్తరు. ముందు కాగితం, తర్వాత పానా.

ఇద్దరు కలిస్తేనే

మా వదినెకు వచ్చిన 14,530 రూపాయలల్ల ఇద్దరి పని ఉంది. మా బావకు ఫోన్ల ఫోటో పెట్టుడు రాదు. మా మేనల్లునికి డిలైటు జాలీకీ పద్మిని జాలీకీ తేడా తెలవదు. బావ ఒక్కడే ఉంటే ఆ సామాను అట్లనే సంచిల ఉండేది. మేనల్లుడు ఒక్కడే ఉంటే ‘పాత కారు సామాను, 2,000’ అని పెట్టి అమ్మేసేటోడు. ఒకరికి పేరు తెలుసు, ఒకరికి బజారు తెలుసు.

మన చాళ్ళల్ల పేరు తెలిసినోళ్ళు రోజురోజుకు తక్కువైతున్నరు. టాక్సీ నడిపినోళ్ళు, గ్యారేజీల మిస్త్రీలు, గిర్నీ వర్క్‌షాపుల ఫిట్టర్లు అందరూ అరవై, డెబ్బై దాటినోళ్ళే. కొత్త టవర్లకు పోయినంక ఎవరు ఏ అంతస్తుల ఉంటరో, ఇప్పటి లెక్క గ్యాలరీల నిలబడి పిలిస్తే పలుకుతరో లేదో. కాబట్టి ఖాళీ చేసే ముందే ఈ పని చెయ్యండి. సంచి ముడి విప్పండి. బిల్డింగుల ఉన్న పాత డ్రైవరునో, మిస్త్రీనో పిలిచి చాయ తాగించి కూర్చోబెట్టండి. ఒక్కొక్కటి చూపించి పేరు అడగండి. పిల్లలతోని రాయించి, ఒక్కోదానికి చిట్టీ కట్టండి. అమ్ముతరా, ఉంచుకుంటరా తర్వాత సంగతి. చిట్టీ కట్టి ఉన్న సామాను ఇంకో పదేండ్లయినా చెడదు.

కారు సామాను ఒక్కటే కాదు. ఇత్తడి తూకం రాళ్ళు, చేతి కుట్టు మిషన్లు, వాల్వు రేడియోలు, గిర్నీ నాడెలు, ఇట్లాంటియి కొనేటోళ్ళు కూడా ఫోన్ల వెతుకుతున్నరు. భంగారు వాలా పిలుపు వినిపించినప్పుడు ఒక్క మాట అనండి: “అన్నా, వచ్చే వారం రా.” ఆ వారంల చూసుకోండి. చూసినంక కూడా అది ఉట్టి ఇనుమే అయితే, కిలో లెక్కన సంతోషంగ ఇయ్యండి.